ఎనభై మూడు ఫోన్లు

గురువారం మధ్యాహ్నం రెండుంబావుకి ఆశాజ్యోతి కొత్తమొగలో బస్సు దిగేసరికి ఊళ్ళో మగవాళ్ళు పెద్దగా కనబడలేదు. మూడు రోజుల పోలీసు హడావుడి తర్వాత ఆ తెల్లవారుజామున బోట్లన్నీ వేటకి వెళ్ళిపోయాయి. ఏటిగట్టున ఒక్కటే మిగిలింది. దాని చుట్టూ పసుపు పచ్చ రిబ్బను కట్టి, కేబిన్ తలుపుకి సీలు వేసి ఉంది. సోమవారం సాయంత్రం మణిశంకర్ శవం దొరికింది ఆ బోటులోనే. బోటు యజమాని బుల్లియ్య మంగళవారం నుంచి స్టేషన్లో ఉన్నాడు. రేపు రిమాండుకి పంపుతారు.

ఆశాజ్యోతికి యాభై నాలుగేళ్ళు. పోలీసు వైర్‌లెస్ విభాగంలో ఇరవై రెండేళ్ళు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చుని, చెవులూ నడుమూ రెండూ అరిగిపోయాక స్వచ్ఛంద విరమణ తీసుకుంది. రాజమండ్రిలో ఒక గది అద్దెకి తీసుకుని డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకుంది. వచ్చేవన్నీ పెళ్ళి సంబంధాల వాకబులు. అబ్బాయి తాగుతాడా, అమ్మాయికి ఇంతకు ముందు నిశ్చితార్థం అయిందా, అంతే. ఇక బోర్డు తీసేద్దామనుకుంటున్న వారంలో అమలాపురం నుంచి ఉమాశ్రీ అనే లెక్చరరు వచ్చి, మా అన్నయ్యని చంపింది ఆ చేపలాయన కాదనిపిస్తోందండి, అంది. ఎందుకలా అనిపిస్తోందని అడిగితే, చనిపోయే ముందురోజు అన్నయ్య ఫోన్లో ఆయన పేరు చెప్పి ఏడ్చాడంది. భయపడేవాడు ఏడవడు. క్షమించమని అడగబోయేవాడు ఏడుస్తాడు. ఆశాజ్యోతి కేసు తీసుకోవడానికి ఆ ఒక్క మాటే కారణం.

మణిశంకర్ నభోనాదం కంపెనీకి సర్వే చేసేవాడు. అది చందా కట్టి వినే శాటిలైట్ రేడియో. అరచేతంత పలక ఒకటి ఆకాశం కనబడేలా పెట్టుకుంటే, టవర్లతో పని లేకుండా మాట నేరుగా పైనుంచి వచ్చి పడుతుంది. గుళ్ళో అభిషేకాలు, ప్రకటనలు లేని పాత పాటలు, చేపల ధరలు, సముద్రం మీద గాలీ వానా కబుర్లు. గోదావరి జిల్లాల్లో పదకొండు వేల సెట్లు అమ్మారు. ఇప్పుడు బొంబాయి కంపెనీ ఒకటి నభోనాదాన్ని మొత్తంగా కొనబోతోంది. సంతకాలు రేపే. ఈ వ్యాపారం ఐదేళ్ళ తర్వాత నిలబడుతుందా, ఎంతమంది మళ్ళీ చందా కడతారు అన్నది తేల్చి రాయడం మణిశంకర్ పని.

అతను రాసుకున్న నోట్సు ఉమాశ్రీ దగ్గరుంది. ఆశాజ్యోతి రెండుసార్లు చదివింది. ద్రాక్షారామంలో పదహారు ఇళ్ళకి వెళితే పద్నాలుగు ఇళ్ళలో సెట్టు మీద దుమ్ము ఉంది, అభిషేకం ఫోన్లో ఉచితంగా చూస్తున్నారు. పెనుగొండలో కొట్లవాళ్ళు అమ్మేవాడి మొహమాటానికి కొన్నారు, పెట్టె విప్పలేదు. చివరికి అతను తేల్చిన మాట ఒకటే. ఫోను పలికే చోట సెట్టు ఎవరికీ అక్కర్లేదు, ఫోను ఆగిపోయిన చోట మన వ్యాపారం మొదలవుతుంది, అంటే సముద్రం మీద. ఆ తర్వాత పేజీలో ‘పన్నెండో తారీకు’ అని రాసి, కింద రెండు గీతలు గీసి, ఇంకేమీ రాయలేదు.

ఈ నెల పన్నెండునే బుల్లియ్య తమ్ముడు దుర్గాసాయి సముద్రంలో పోయాడు. ఇద్దరూ వేటలో ఉండగా గాలి లేచింది. సెట్టు చెప్పాల్సిన కబురు చెప్పలేదు, మూగబోయింది. అల వచ్చి తమ్ముణ్ణి ఎత్తుకుపోతే అన్న ఒక్కడే బోటుతో ఒడ్డుకి వచ్చాడు. పదిరోజుల తర్వాత, ఆదివారం సాయంత్రం, ఊళ్ళోకి వచ్చిన మణిశంకర్ని పదిమందిలో కాలరు పట్టుకున్నాడు. మర్నాడే మణిశంకర్ అతని బోటులో తల పగిలి చచ్చిపడి ఉన్నాడు. పోలీసులకి ఇంకేం కావాలి?

బుల్లియ్య భార్య లోవమ్మ ఇంటి ముందు పరదా పరిచి ఎండుచేపలు తిరగేస్తోంది. ఆశాజ్యోతి మోకాళ్ళు పట్టేస్తున్నా ఆమె పక్కనే కింద కూర్చుంది. లోవమ్మ తల ఎత్తకుండానే జవాబులు చెప్పింది. సోమవారం భర్త పొద్దున్నే కాకినాడ హార్బరుకి వెళ్ళాడు. వేలం అయ్యాక నాలుగుంబావుకి ఇంటికొచ్చాడు. అన్నం తిని పడుకున్నాడు. వలలు తెద్దామని ఐదూ పదికి తను బోటెక్కితే అక్కడ శవం ఉంది, సెట్టు పాడుతోంది. ఇవన్నీ పోలీసులకి చెప్పిన మాటలే.

సెట్టు పాడడం అదేనా మొదటిసారి వినడం అని ఆశాజ్యోతి అడిగింది.

లోవమ్మ చేతిలో చేప అలాగే ఉండిపోయింది.

“కాదండి. రెండున్నరకే ఇన్నానండి. గంప నెత్తినెట్టుకుని గట్టంట వత్తన్నాను. సేపల ధరలు సెప్తన్నారు. వంజరం తగ్గిందన్నారు. అయ్యో, ఈయన ఇయ్యాలే అమ్ముకోడానికెల్లాడే అనుకున్నానండి.”

“రెండున్నర అని ఎలా చెప్పగలవు?”

“ధరలు సెప్పేదే రెండున్నరకండి. రోజుకొక్కసారే.”

“మరి బోటెక్కి చూడలేదేం?”

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. “నా మరిదిని మింగిన సెట్టండి అది. ఆ రోజు నోరెత్తలేదు, ఇప్పుడు పాడతందా అని వొళ్ళు మండిపోయింది. మొకం తిప్పుకుని ఎల్లిపోయాను. సూసుంటే ఆ బాబు బతికే ఉండేవోడేమో. పోలీసోళ్ళు ఈ మాట అడగలేదండి. నేను సెప్పలేదు.”

పోలీసు లెక్క ప్రకారం ఆ సెట్టు నాలుగున్నర దాకా మూగది. ఎందుకంటే నభోనాదం యజమాని భీమేశ్వర్ సంతకం పెట్టి ఇచ్చిన వాంగ్మూలం అలా ఉంది. నాలుగూ ఇరవై ఐదుకి మణిశంకర్ ఆఫీసుకి ఫోన్ చేసి, బుల్లియ్య సెట్టుకి చందా తెరవమన్నాడట. ఆ మాట మీదే కేసంతా నిలబడి ఉంది. నాలుగూ ఇరవై ఐదుకి మణిశంకర్ బతికి ఉంటే, నాలుగుంబావుకి ఊళ్ళోకి వచ్చిన బుల్లియ్యే హంతకుడు. కాల్ లిస్టులో ఆ ఫోను నిజంగానే ఉంది. మణిశంకర్ మొబైల్ మాత్రం దొరకలేదు. బుల్లియ్య ఏట్లో పారేసి ఉంటాడన్నారు.

లోవమ్మని వెంటబెట్టుకుని ఆమె గట్టుమీదికి వెళ్ళింది. కాపలా కానిస్టేబుల్ ఆమెని చూసి పక్కకి వెళ్ళి ఫోన్ చేసుకున్నాడు. ఇరవై నిమిషాల్లో జీపు వచ్చింది. సి.ఐ. లోకనాథ్ దిగాడు. నలభై ఏళ్ళుంటాయి. ఎస్సైగా శిక్షణలో ఉన్నప్పుడు వైర్‌లెస్‌లో ఎలా మాట్లాడాలో అతనికి నేర్పింది ఆశాజ్యోతే. ఆ సంగతి ఇద్దరికీ గుర్తుంది, ఇద్దరూ ఎత్తరు.

“సీలు వేసిన బోటు దగ్గర మీకేం పని మేడమ్?”

“మీకోసమే ఎదురుచూస్తున్నానండి. ఎక్కలేదు, ముట్టుకోలేదు. మీ ఎదురుగా ఒకసారి చూస్తాను.”

అతను ఒప్పుకోలేదు. రేపు రిమాండు రిపోర్టు పెట్టాలన్నాడు, పైనుంచి రోజుకి నాలుగు ఫోన్లు వస్తున్నాయన్నాడు, పెళ్ళిచూపుల కేసులు చూసుకునేవాళ్ళు హత్య కేసుల్లో వేలు పెడితే ఇలాగే ఉంటుందన్నాడు. ఆశాజ్యోతి అన్నీ విన్నది. కోపం తెచ్చుకునే ఓపిక ఆమెకి ఎప్పుడో పోయింది. అతను ఆగాక, లోవమ్మ రెండున్నరకి విన్న సంగతి చెప్పింది.

“నిందితుడి పెళ్ళాం మాట అది.”

“అవునండి. అందుకే సెట్టుని అడుగుదామంటున్నాను.”

లోకనాథ్ కానిస్టేబుల్ని పిలిచి సీలు తీయించాడు.

మణిశంకర్ చెప్పులు బోటు అంచున, ఎక్కే చెక్క పక్కన, జతగా విప్పి ఉన్నాయి. సోమవారం నుంచీ అక్కడే ఉన్నాయి. బోటు మీద చెప్పులతో అడుగు పెట్టరని మూడు నెలలు ఊళ్ళు తిరిగినవాడికి తెలుసు. ఆశాజ్యోతి కూడా విప్పి ఎక్కింది. లోకనాథ్ బూట్లతోనే ఎక్కాడు. లోవమ్మ చూసి తల తిప్పుకుంది.

కేబిన్ నలుగురు నిలబడితే నిండిపోతుంది. చెక్క గోడలు, పైన రేకు. ఇంజను పెట్టె మూల ఇనుప అంచుకి నెత్తురు అట్టకట్టి ఉంది. కింద చేప పొలుసుల మీద ఇంకో మరక. ఆ మరకలో ఒక పక్కగా గుండ్రటి అంచు దిగి ఉంది. మడమ ముద్ర, షూ మడమ.

“మా వాళ్ళదై ఉంటుంది,” అన్నాడు లోకనాథ్.

“మీవాళ్ళు ఎన్నింటికొచ్చారు?”

“ఆరున్నరకి.”

“లోవమ్మ ఐదూ పదికి చూసేసరికే నెత్తురు ఎండిపోయి ఉందని మీ పంచనామాలోనే రాశారు. ఎండిన నెత్తుట్లో మడమ దిగదండి. ఇది తడిమీద పడింది. ఊళ్ళోవాళ్ళెవరూ చెప్పులతో బోటెక్కరు. మణిశంకర్ చెప్పులు అదిగో, బయట ఉన్నాయి.”

అతను వంగి చూశాడు. లేచాక తన బూట్ల వైపు కూడా ఒకసారి చూసుకున్నాడు.

సెట్టు ఎదర బల్లమీద ఉంది. దాని తీగ రేకు సందులోంచి పైకి వెళ్ళి, కప్పుమీదున్న పలకకి తగులుకుని ఉంది. ఎవరూ దాన్ని సాక్ష్యమనుకోలేదు, అందుకే పట్టుకెళ్ళలేదు. ఇలాంటి సెట్టే ఒకటి ఉమాశ్రీ ఇస్తే ఆశాజ్యోతి నిన్నంతా దాని మీటలన్నీ నొక్కి చూసింది. ఇప్పుడు దీన్ని ఆన్ చేసింది. పాట వచ్చింది. ధ్వని తగ్గించి, ‘చందా వివరాలు’ అనే చోటికి వెళ్ళింది. ఆఫీసు నుంచి ఆకాశం మీదుగా తనకి అందిన ఆజ్ఞల్లో చివరి మూడింటిని సెట్టు గుర్తుపెట్టుకుంటుంది. తెరమీద మూడు వరుసలు వచ్చాయి. మొదటిది, జూన్‌లో చందా తెరిచినది. రెండోది, పన్నెండో తారీకు సాయంత్రం నాలుగూ ఐదుకి ఆపినది. మూడోది, సోమవారం మధ్యాహ్నం రెండూ ఇరవైకి మళ్ళీ తెరిచినది.

“రెండూ ఇరవై,” అని లోకనాథ్ పైకి చదివాడు.

“ఇది రెండూ ఇరవైకే తెరుచుకుంది. నాలుగూ ఇరవై ఐదుకి దీన్ని తెరవమని అడగడానికి ఏముంది? ఆ ఫోను మణిశంకర్ చెయ్యలేదు. అప్పటికి అతని ఫోను ఇంకొకళ్ళ చేతిలో ఉంది. బుల్లియ్య మూడున్నరదాకా కాకినాడ వేలంలో ఉన్నాడని మీరే రాశారు.”

“పన్నెండున ఎందుకు ఆపారు? చందా వచ్చే జూన్ దాకా ఉందిగా.”

అదే ఆమెకీ తెలియాలి. రాజమండ్రి ఆఫీసులో ఈ ఆజ్ఞలు పంపేది ఒక్కడే, సూర్యనారాయణమూర్తి. అరవై దాటిన ఇంజనీరు. మంగళవారం ఆమె అడిగినప్పుడు, యజమాని చెప్పిన మాటే పొల్లుపోకుండా చెప్పి తలుపేసుకున్నాడు. ఆశాజ్యోతి అతని నంబరు కలిపి స్పీకరు పెట్టింది. అవతల ఎక్కడో సెట్టు మోగుతోంది. ఇక్కడి పాటే అక్కడా వినబడుతోంది.

“మూర్తి గారూ, బుల్లియ్య సెట్టు నా చేతిలో ఉందండి. రెండూ ఇరవై అని ఉంది. పన్నెండో తారీకు కూడా ఉంది. పక్కన సి.ఐ. గారున్నారు.”

ఆయన మాట్లాడిన తీరు, ఇన్నాళ్ళూ మోసిన బరువేదో కింద పెడుతున్నట్టుంది.

ఈ వ్యాపారంలో ఉన్న చిక్కు ఏమిటంటే, పైనుంచి మాట కిందికి వస్తుంది గాని కిందనుంచి పైకి ఏదీ పోదు. పదకొండు వేల సెట్లలో ఎన్ని మోగుతున్నాయో ఆఫీసుకి తెలిసే దారి లేదు. బొంబాయి వాళ్ళు అడిగింది అదే, వినేవాళ్ళెంతమంది అని. మణిశంకర్ ఒక ఉపాయం చెప్పాడు. ఒకరోజు అన్ని సెట్లూ ఆపేద్దాం, ఎంతమంది ఫోన్ చేసి అడిగితే అంతమందే మన శ్రోతలు. భీమేశ్వర్‌కి నచ్చింది. పన్నెండో తారీకు నాలుగూ ఐదుకి మూర్తే మీట నొక్కాడు. ఐదింటికి గాలి హెచ్చరిక వచ్చింది. తెరుద్దామండీ అని మూర్తి అడిగాడు. అర్ధరాత్రి దాకా లెక్క తేలాలి, ఆగమన్నాడు భీమేశ్వర్.

“ఎన్ని ఫోన్లు వచ్చాయండి?” అని ఆశాజ్యోతి అడిగింది.

“ఎనభై మూడమ్మా. పదకొండు వేలకి ఎనభై మూడు. ఇక వ్యాపారం లేదనుకున్నాం. మూడోరోజు మణిశంకర్ నా దగ్గరికొచ్చి, మూర్తి గారూ, సముద్రం మీదున్నవాళ్ళు మనకి ఫోన్ ఎలా చేస్తారండీ, అన్నాడు. వాళ్ళకి అక్కడ సిగ్నలు ఉండదుగా. నిజంగా వినేవాళ్ళని ఒక్కళ్ళని కూడా మనం లెక్కపెట్టలేదమ్మా.”

గట్టుమీద నిలబడ్డ లోవమ్మ ఇదంతా వింటోంది. ఆమె ఏడవలేదు. రిబ్బను పట్టుకుని నిలబడింది, అంతే.

మిగతా సెట్లన్నీ ఆ అర్ధరాత్రే తెరిచారు. బుల్లియ్య తన సెట్టు కోపంతో కట్టేశాడు కాబట్టి దానికి ఆ ఆజ్ఞ అందలేదు. సోమవారం రెండుంబావుకి మణిశంకర్ బోటులోంచి వాట్సాప్‌లో మూర్తికి ఫోన్ చేశాడు. అందుకే అది కాల్ లిస్టులో లేదు. సెట్టు ఆన్ చేశాను, తెరవండి, బుల్లియ్య వచ్చేదాకా ఇక్కడే కూర్చుంటాను, జరిగిందంతా ఆయనకి చెప్పి, రిపోర్టులో కూడా రాస్తానన్నాడు. మూర్తి తెరిచాడు. ఆ తర్వాత పదినిమిషాలకి భీమేశ్వర్ ఫోన్ చేసి మణిశంకర్ ఎక్కడున్నాడని అడిగాడు.

“మీరు చెప్పారా?” అన్నాడు లోకనాథ్.

“చెప్పానండి. ఆయన కాకినాడలో ఉన్నారు, బొంబాయి వాళ్ళతో భోజనానికి. అక్కడినుంచి మీరున్న చోటికి అరగంట. నాలుగూ ఇరవై ఐదుకి మణిశంకర్ నంబరు నుంచి ఆఫీసుకి ఫోను వచ్చింది, ఎత్తితే మాట లేదు. సాయంత్రం ఆయన ఆఫీసుకొచ్చి, చందా తెరవమని మణిశంకరే అడిగాడని నన్ను చెప్పమన్నారు. నాకు అప్పటికే అర్థమైంది. అయినా చెప్పాను.”

లోకనాథ్ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. ఇంజను పెట్టె మీద కూర్చోబోయి, నెత్తురు చూసి ఆగిపోయాడు. భీమేశ్వర్ నిన్న స్టేషన్‌కి వచ్చి తనతో కూర్చుని టీ తాగాడని చెప్పాడు. మొహం ఎటో పెట్టుకుని చెప్పాడు. ఆశాజ్యోతికి గెలిచినట్టు అనిపించలేదు. ఎక్కడైనా పడుకోవాలనిపించింది.

మూడున్నర అయింది. సెట్టులో పాట ఆగి సముద్ర వాతావరణం మొదలైంది. మూర్తి దగ్గర సెట్టూ అదే గొంతుతో అంటోంది. ఉదయం ప్రకటించిన దానికంటే ముందుగా, ఈ సాయంత్రం ఆరు గంటల నుంచే తీరం వెంబడి గాలులు, అని గొంతు చెప్పి, మాట మధ్యలో తెగిపోయింది. ఫోన్లో అవతలి గొంతూ తెగిపోయింది. తెరమీద ‘మీ చందా ప్రస్తుతం అమలులో లేదు’ అని వచ్చింది.

“మూర్తి గారూ, ఏం చేశారు?”

“నేను ఇంట్లో ఉన్నానమ్మా. నిన్న పొద్దుటి నుంచి నా పాస్‌వర్డ్ పనిచెయ్యడం లేదు. అన్నీ భీమేశ్వర్ గారే ఆపేశారు. సెట్టుకి మూడే గుర్తుంటాయి కదా. ఇప్పుడొకసారి ఆపి మళ్ళీ తెరిస్తే, పన్నెండో తారీకు ప్రతి సెట్టులోంచీ చెరిగిపోతుంది. రేపు సంతకాల నాటికి ఎక్కడా ఉండదు.”

“తెరిచేది ఎప్పుడు?”

“తెలీదమ్మా. ఆయనిష్టం.”

ఇవాళ ఎన్ని బోట్లు వెళ్ళాయని ఆశాజ్యోతి లోవమ్మని అడిగింది.

“నలభై రెండండి. నా అల్లుడు త్రిమూర్తులు కూడా ఎల్లాడు. ఒడ్డుకి రావాలంటే మూడు గంటలండి.”

లోకనాథ్ అప్పటికే కోస్ట్‌గార్డు నంబరు కోసం కంట్రోల్ రూముతో మాట్లాడుతూ గట్టుమీదికి దూకాడు. రాజమండ్రి స్టేషన్‌కి ఇంకో ఫోను చేసి, నభోనాదం ఆఫీసుకి వెళ్ళి భీమేశ్వర్ ఉంటే కదలనివ్వద్దన్నాడు. జీపు దాకా వెళ్ళినవాడు మళ్ళీ వెనక్కి వచ్చాడు.

“మేడమ్, ఆ సెట్టు కట్టెయ్యండి. వాడు తెరిస్తే అందులో పన్నెండో తారీకు పోతుంది. ఫోటో తీసినా కోర్టులో నిలబడదు. మన దగ్గరున్న సాక్ష్యం అదొక్కటే.”

ఆశాజ్యోతి మీట మీద వేలు పెట్టింది. కట్టేస్తే పన్నెండో తారీకు భద్రంగా ఉంటుంది. కాని సముద్రం మీద నలభై రెండు బోట్లకి మాట మళ్ళీ అందిందో లేదో ఒడ్డున ఎవరికీ తెలియదు. మూర్తి ఇంటి సెట్టు తెరుచుకున్నంత మాత్రాన బోట్లవీ తెరుచుకున్నట్టు కాదు, తెలియాలంటే బోటుదైన ఈ సెట్టే ఆన్‌లో ఉండాలి. బోటెక్కి వచ్చిన లోవమ్మ పక్కన రేకు పట్టుకుని, గడప అవతలే నిలబడి, తెరవైపు చూస్తోంది.

ఆశాజ్యోతి వేలు తీసేసింది. ధ్వని పూర్తిగా పెంచి, సెట్టుని కేబిన్ గుమ్మంలో పెట్టి, దాని పక్కన కూలబడింది. టైము మూడూ ముప్ఫై ఎనిమిది. సెట్టు మాట్లాడలేదు.